ఓడిన మందు.. మిగిలిన పరీక్ష

మీ ఇంట్లో పాత రిపోర్టుల ఫైలు ఉంటే ఒకసారి తిరగేసి చూడండి. తాతగారిదో, పెదనాన్నగారిదో ఏనాటి కేస్ షీటో దొరికితే, అందులో పల్మనరీ కాక్స్ అన్న మాట కనిపించొచ్చు. అదేదో ఊపిరితిత్తులకు సంబంధించిన చిన్న ఇబ్బంది పేరనుకుంటాం. నిజానికి అది క్షయ. రోగి ముందు, చుట్టాల ముందు టీబీ అనే మాట పలకడానికి మొహమాటపడిన డాక్టర్లు, ఆ జబ్బు క్రిమిని కనిపెట్టిన మనిషి పేరునే జబ్బుకు పెట్టేశారు. ఇప్పటికీ కొందరు డాక్టర్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు కాక్స్ అనే అంటారు.

ఆ పేరుగల మనిషి రాబర్ట్ కాక్. జర్మనీ డాక్టరు. క్షయ క్రిమిని కనిపెట్టింది ఆయనేనని స్కూల్లో మనమంతా చదువుకున్నాం. కానీ ఆ గెలుపు తర్వాత ఆయన చేసిన పెద్ద పొరపాటు గురించి పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పవు. అదే పొరపాటు నుంచి ఇవాళ మన కుటుంబాలకు ఎంతో పనికొచ్చే ఒక పరీక్ష పుట్టింది.

ఈ కథ మీకెందుకంటే.. ఇంట్లో ఒకరికి టీబీ అని తేలిందనుకోండి. ఆశ కార్యకర్త వచ్చి, మిగతావాళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి, అవసరమైతే మందులు వాడాలి అంటుంది. దగ్గు లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు, మాకెందుకమ్మా మందులు అని చాలామంది తలుపు దగ్గరే పంపేస్తారు. ఆ ప్రశ్నకు జవాబు కాక్ జీవితంలో ఉంది.

గనుల ఊరి పిల్లాడు

రాబర్ట్ కాక్ 1843 డిసెంబర్ 11న జర్మనీలోని హార్జ్ కొండల్లో, క్లౌస్టాల్ అనే గనుల ఊళ్లో పుట్టారు. తండ్రి గనుల శాఖలో ఉద్యోగి. ఇంటి నిండా పిల్లలు. ఐదేళ్ల వయసులోనే పత్రికలు ముందేసుకుని తనంతట తానే చదవడం నేర్చుకున్నాడని చెబుతారు.

గోటింగెన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. అక్కడ యాకబ్ హెన్లే అనే ఆచార్యుడు ఉండేవారు. అంటువ్యాధులకు కారణం కంటికి కనిపించని ప్రాణులేనని ఆయన 1840లోనే వాదించారు. అప్పటికి దాన్ని రుజువు చేసినవారు లేరు. జబ్బులు చెడు గాలి వల్ల వస్తాయని, వంశంలో ఉంటే వస్తాయని నమ్మే రోజులవి. క్షయ విషయంలో ఆ నమ్మకం మరీ గట్టిగా ఉండేది. ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు దగ్గుతూ చిక్కిపోయేవారు కాబట్టి, అది రక్తంలోనే ఉందనుకునేవారు.

1866లో డాక్టరయ్యాక కాక్ పెళ్లి చేసుకున్నారు. ఒక కూతురు పుట్టింది. కొన్నాళ్లు ఊళ్లు మారుతూ ప్రాక్టీసు చేశారు. యుద్ధం వస్తే స్వచ్ఛందంగా వెళ్లి సైనికులకు వైద్యం చేశారు. 1872లో వోల్‌స్టైన్ అనే చిన్న ఊరికి జిల్లా వైద్యాధికారిగా వెళ్లారు. ఇప్పుడది పోలండ్‌లో ఉంది.

భార్య ఇచ్చిన మైక్రోస్కోపు

వోల్‌స్టైన్‌లో ప్రయోగశాల లేదు, గ్రంథాలయం లేదు, చర్చించడానికి తోటి శాస్త్రవేత్తలు లేరు. ఉన్నదల్లా నాలుగు గదుల ఇల్లు, భార్య ఎమ్మీ కానుకగా ఇచ్చిన మైక్రోస్కోపు. రోగులను చూశాక మిగిలిన సమయమంతా దాని ముందే గడిచేది.

ఆ ప్రాంతంలో పశువులకు ఆంత్రాక్స్ జబ్బు ఎక్కువగా వచ్చేది. చచ్చిన పశువు రక్తాన్ని చెక్కపుల్లలతో ఎలుకలకు ఎక్కించి, వాటి ఒంట్లో క్రిమి ఎలా పెరుగుతుందో కాక్ గమనించారు. ఆ క్రిమి పరిస్థితులు బాగాలేనప్పుడు గట్టి బీజాలుగా మారి, మట్టిలో ఏళ్ల తరబడి బతికి, మళ్లీ అదను దొరికినప్పుడు లేస్తుందని చూపించారు. ఒక జబ్బుకు ఒక క్రిమి కారణమని ఇంత పక్కాగా రుజువు చేయడం అదే మొదలు. 1876లో బ్రెస్లావ్ వెళ్లి, ఫెర్డినాండ్ కోన్ అనే పెద్ద శాస్త్రవేత్తకు తన ప్రయోగాలన్నీ చేసి చూపించారు. ఊరూపేరూ లేని పల్లె డాక్టరు ఒక్కసారిగా శాస్త్రలోకానికి తెలిసిపోయాడు.

1880లో ప్రభుత్వం ఆయన్ను బెర్లిన్‌కు పిలిచి ప్రయోగశాల ఇచ్చింది. అక్కడ ఉడికించిన బంగాళదుంప ముక్కల మీద, జెలటిన్ మీద, తర్వాత అగర్ మీద ఒక్కో రకం క్రిమిని విడివిడిగా పెంచే పద్ధతులు తయారయ్యాయి. ఇవాళ ల్యాబుల్లో కల్చర్ పరీక్షకు వాడే పెట్రీ డిష్ కూడా ఆయన సహాయకుడు పెట్రీ తయారుచేసిందే.

1882 మార్చి 24

ఆ రోజుల్లో యూరప్‌లో ప్రతి ఏడు మరణాల్లో ఒకటి క్షయ వల్లేనని లెక్క. కాక్ దాని వెంట పడ్డారు. క్షయ క్రిమి సామాన్యంగా దొరికేది కాదు. దాని మీద మైనం లాంటి పొర ఉండటంతో మామూలు రంగులు పట్టవు. కాక్ ప్రత్యేక పద్ధతిలో రంగు వేసి దాన్ని బయటపెట్టారు. తర్వాత దాన్ని పెంచాలి. ఇతర క్రిములు ఒకట్రెండు రోజుల్లో కనిపించేంతగా పెరుగుతాయి. ఇది వారాలు తీసుకుంటుంది. మరొకరైతే మొదటి వారంలోనే గిన్నెలు పారేసేవారు. కాక్ గట్టిపరిచిన రక్త సీరం మీద క్రిములను వేసి ఓపిగ్గా కాచుకున్నారు. పెరిగిన క్రిములను గినీ పందులకు ఎక్కించి, వాటికి క్షయ రావడం చూశారు.

1882 మార్చి 24 సాయంత్రం బెర్లిన్‌లో ఒక చిన్న సభలో ఈ ఫలితాలు చెప్పారు. ఆయన మంచి వక్త కాదు. కానీ రెండు వందలకు పైగా నమూనాలు వెంట తెచ్చి, మైక్రోస్కోపులు పెట్టి అందరినీ చూడమన్నారు. ఉపన్యాసం అయ్యాక సభలో చప్పట్లు లేవు, ప్రశ్నలు లేవు. వాదించడానికి ఏమీ మిగల్లేదు. క్షయ వంశపారంపర్యం కాదు, శాపం కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటే క్రిమి వల్ల వచ్చేదని ఆ రోజు తేలిపోయింది. ఏటా మార్చి 24ను ప్రపంచ క్షయ దినంగా జరుపుకొనేది అందుకే.

ఆ తర్వాత కలరా వెంట ఈజిప్టుకు, అక్కడి నుంచి మన కలకత్తాకు వచ్చారు. 1884లో కలకత్తాలో రోగుల్లోనూ, జనం వాడుకునే చెరువు నీటిలోనూ కలరా క్రిమిని పట్టుకున్నారు. జర్మనీకి తిరిగి వెళ్లేసరికి ఆయన జాతీయ వీరుడు. ప్రభుత్వం లక్ష మార్కుల బహుమతి ఇచ్చింది.

తొందరపడిన ఏడాది

ఇక్కడి నుంచి కథ మలుపు తిరుగుతుంది. క్రిమిని కనిపెట్టారు సరే, మందేదీ అని లోకం అడగడం మొదలుపెట్టింది. పక్క దేశం ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కాటుకు టీకా కనిపెట్టి జేజేలు అందుకుంటున్నారు. 1890 ఆగస్టులో బెర్లిన్‌లో అంతర్జాతీయ వైద్య మహాసభ జరిగింది. ఆ వేదిక మీద కాక్, క్షయ క్రిమి పెరుగుదలను ఆపే పదార్థం తనకు దొరికిందని ప్రకటించారు. నవంబర్‌లో దాన్ని మనుషులకు వాడవచ్చన్నారు. దాని పేరు ట్యూబర్క్యులిన్. అందులో ఏముందో మాత్రం చెప్పలేదు.

ఒక్కసారి ఊహించండి. ఇంట్లో క్షయ రోగి ఉన్న ప్రతి కుటుంబం ఆ వార్త చదివింది. యూరప్ నలుమూలల నుంచి రోగులు బెర్లిన్ రైలెక్కారు. ఆసుపత్రులు, సత్రాలు నిండిపోయాయి. నడవలేనివారిని మోసుకొచ్చారు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆర్థర్ కానన్ డాయిల్ స్వతహాగా డాక్టరు. ఆయన కూడా ఇంగ్లండ్ నుంచి వచ్చి చూసి, అప్పుడే దీన్ని నమ్మేయకండని తమ దేశపు పత్రికలో హెచ్చరించారు.

నెలలు గడిచేసరికి నిజం బయటపడింది. సూది వేయించుకున్నవారికి తీవ్రమైన జ్వరం వచ్చేది. చర్మ క్షయ ఉన్నవారిలో కొంతకాలం మెరుగు కనిపించినా నిలవలేదు. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారిలో కొందరి పరిస్థితి విషమించింది. కొందరు చనిపోయారు. 1891 జనవరిలో రుడాల్ఫ్ విర్కో అనే ప్రముఖ వైద్యుడు శవ పరీక్షలు చేసి, ఈ మందు వాడినవారిలో జబ్బు తగ్గకపోగా కొత్త చోట్లకు పాకిందని చూపించారు. ఒత్తిడి పెరిగి కాక్ మందు గుట్టు విప్పారు. అది క్షయ క్రిముల కల్చర్‌ను గ్లిజరిన్‌లో తీసిన సారం. అంతే.

రెండు వందల నమూనాలతో సభకు వెళ్లిన మనిషే, సరైన రుజువు చేతిలో లేకుండా లక్షల మందికి ఆశ చూపారు. ఆ దెబ్బ ఆయన పేరు మీద జీవితాంతం ఉండిపోయింది.

తన చేతికే సూది

ఆ రోజుల్లో జరిగిన ఒక విషయం దగ్గర కాసేపు ఆగుదాం. రోగులకు ఇవ్వకముందు కాక్ ట్యూబర్క్యులిన్‌ను తన చేతికే వేసుకున్నారు. మోతాదు 0.25 మిల్లీలీటర్లు. ఇవాళ పరీక్ష కోసం వాడే దానితో పోలిస్తే అది విపరీతమైన మోతాదు. మూడు నాలుగు గంటల్లో ఒళ్లు నొప్పులు, నీరసం, దగ్గు మొదలయ్యాయి. ఐదో గంటలో చలి వణుకు పట్టుకుని దాదాపు గంటసేపు ఉంది. వాంతులయ్యాయి. జ్వరం 39.6 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. సుమారు పన్నెండు గంటల తర్వాత తగ్గుముఖం పట్టింది. ఈ లక్షణాలన్నీ ఆయనే రాసిపెట్టారు.

క్షయ లేని గినీ పందులు ట్యూబర్క్యులిన్‌కు పెద్దగా స్పందించవు. క్షయ ఉన్నవి తీవ్రంగా స్పందిస్తాయి. మరి కాక్ ఒళ్లు అంతగా ఎందుకు తల్లడిల్లింది? ఆయనకు క్షయ లక్షణాలు లేవు. ఏళ్ల తరబడి సరైన రక్షణ లేని గదుల్లో క్షయ క్రిములను పెంచిన మనిషి మాత్రం ఆయన. ఇప్పటి వైద్యుల అవగాహన ప్రకారం, ఆయన ఒంట్లోనూ క్షయ క్రిమి చేరి నిద్రపోతూ ఉండి ఉండవచ్చు. లోకానికి క్షయ క్రిమిని చూపించిన మనిషి, తన ఒంట్లో అది ఉన్నట్టు తెలియకుండానే తిరిగారన్నమాట.

ఆ ప్రయోగాలకు తన చేయి చాపినవారిలో హెడ్విగ్ అనే యువతి కూడా ఉంది. తర్వాత మొదటి భార్యతో విడిపోయి, 1893లో కాక్ ఆమెను పెళ్లి చేసుకున్నారు. మందు విఫలమైన సమయంలోనే ఇంటి సంగతి కూడా బెర్లిన్‌లో చర్చనీయాంశమైంది. కాక్ మెల్లగా దూర దేశాల బాట పట్టారు. పశువుల జబ్బు కోసం దక్షిణాఫ్రికా, 1897లో ప్లేగు కోసం బొంబాయి, తర్వాత తూర్పు ఆఫ్రికా. క్షయ మీద చేసిన పరిశోధనలకు 1905లో నోబెల్ బహుమతి వచ్చింది. 1910 మే 27న బాడెన్ బాడెన్‌లో గుండె జబ్బుతో కన్నుమూశారు. క్షయతో కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పారేయాల్సిన మందు పరీక్షగా మారింది

మందుగా పనికిరాని ట్యూబర్క్యులిన్ ఒక పని మాత్రం చక్కగా చేస్తోంది. క్షయ క్రిమి చొరబడిన ఒంటిని గుర్తుపడుతోంది. ముందు పశువైద్యులు దీన్ని అందుకున్నారు. పైకి ఆరోగ్యంగా ఉన్న మందలో ఏ ఆవుకు క్షయ సోకిందో పట్టుకోవడానికి వాడారు.

1907లో వియన్నాలో క్లెమెన్స్ ఫన్ పిర్కే అనే పిల్లల డాక్టరు, చర్మం మీద చిన్న గీత గీసి దాని మీద ట్యూబర్క్యులిన్ చుక్క వేశారు. సోకినవారికి అక్కడ ఎర్రగా పొంగుతుంది. ఏ జబ్బూ లేకుండా ఆడుకునే పిల్లల్లో కూడా చాలామందికి అలా పొంగింది. వయసు పెరిగేకొద్దీ పాజిటివ్ వచ్చేవారి సంఖ్య పెరిగింది. అంటే క్షయ క్రిమి సోకినవారందరూ క్షయ రోగులు కారు. ఈ స్థితినే ఆయన నిద్రాణ క్షయ అన్నారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో షార్ల్ మాంటూ, మందును చర్మం పొరలోకే సన్నటి సూదితో ఎక్కించే పద్ధతి తెచ్చారు. మీరు ల్యాబుల్లో వినే మాంటూ పరీక్ష అదే. ముంజేతికి సూది వేసి, 48 నుంచి 72 గంటల తర్వాత గట్టిపడిన బుడిపె ఎంత వెడల్పుందో కొలుస్తారు.

క్రిమి నిద్రపోవడమంటే ఏమిటి?

టీబీ రోగి దగ్గినప్పుడు గాలిలోకి వచ్చిన క్రిమి మన ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మన రక్షణ కణాలు దాన్ని చుట్టుముట్టి, ఒక గూడులా కట్టి బంధిస్తాయి. చాలామందిలో కథ అక్కడితో ముగుస్తుంది. క్రిమి చావకపోవచ్చు, కానీ కదల్లేదు. ఈ స్థితిలో ఉన్నవారికి లక్షణాలు ఉండవు. వారి నుంచి ఎవరికీ అంటదు. కంచం, గ్లాసు వేరు పెట్టాల్సిన పని లేదు. పెళ్లి సంబంధం వాయిదా వేయాల్సిన పనీ లేదు.

ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఇలా క్రిమి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో 2019-21 మధ్య జరిగిన జాతీయ సర్వేలో 15 ఏళ్లు దాటినవారిలో సుమారు ప్రతి పదిమందిలో ముగ్గురికి సోకినట్టు తేలింది. సోకినవారిలో జీవితకాలంలో 5 నుంచి 10 శాతం మందికి మాత్రమే జబ్బు బయటపడుతుంది. మిగతావారు కాక్ లాగే వేరే కారణంతో, వేరే వయసులో వెళ్లిపోతారు.

అయితే ఆ 5-10 శాతం అందరికీ సమానంగా పంచినది కాదు. క్రిమి సోకిన మొదటి రెండేళ్లలో ముప్పు ఎక్కువ. ఐదేళ్లలోపు పిల్లలకు మరీ ఎక్కువ. వారిలో అది మెదడు పొరలకు పాకే ప్రమాదం ఉంది. హెచ్ఐవీ ఉన్నవారికి, డయాలసిస్‌లో ఉన్నవారికి, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి, కీళ్లవాతం లాంటి జబ్బులకు రోగనిరోధకతను తగ్గించే ఇంజెక్షన్లు వాడేవారికి కూడా ఎక్కువే. షుగర్ అదుపులో లేకపోయినా, తిండి సరిగ్గా లేకపోయినా, పొగతాగినా బంధించిన గూడు బలహీనపడుతుంది.

అందుకే దేశంలో అందరికీ పరీక్ష చేసి అందరికీ మందులిచ్చే పద్ధతి పెట్టలేదు. అలా చేస్తే ఎప్పటికీ జబ్బు రానివారు కూడా కోట్ల సంఖ్యలో మందులు మింగాలి. ముప్పు ఎక్కువున్నవారిని వెతికి, వారికే ఇవ్వడం ప్రజారోగ్య పద్ధతి. ఆ వరసలో ముందు నిలిచేది, టీబీ రోగితో ఒకే ఇంట్లో ఉన్న కుటుంబం.

అలస్కా పల్లెల్లో తేలిన నిజం

నిద్రపోయే క్రిమిని మందుతో అణచవచ్చని ఎలా తెలిసింది? ఈసారి కాక్ చేసిన తొందర ఎవరూ చేయలేదు. 1952లో ఐసోనియాజిడ్ అనే చవకైన మాత్ర క్షయకు అందుబాటులోకి వచ్చింది. జబ్బు రాకముందే ఇస్తే ఆపుతుందా అన్న ప్రశ్న పుట్టింది. అమెరికా ప్రజారోగ్య శాఖ డాక్టరు జార్జ్ కామ్‌స్టాక్, 1950ల చివర్లో అలస్కాలోని బెతెల్ ప్రాంతపు పల్లెల్లో దీన్ని పరీక్షించారు. అక్కడి స్థానిక తెగల్లో క్షయ ఇంటింటా ఉండేది. కొన్ని ఇళ్లకు ఐసోనియాజిడ్, కొన్ని ఇళ్లకు మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఏడాది పాటు ఇచ్చారు. ఏ ఇంటికి ఏది వెళ్లిందో పోల్చి చూస్తే, అసలు మందు వాడిన ఇళ్లలో క్షయ సగానికి పైగా తగ్గింది. ఆ రక్షణ ఏళ్ల తరబడి నిలిచింది. ఫలితం తేలాక ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారికీ అసలు మందు ఇచ్చారు.

1890లో బెర్లిన్‌కు, 1950ల బెతెల్‌కు తేడా ఇదే. మొదటి చోట ముందు ఆశ చూపి, రుజువు తర్వాత వెతుక్కున్నారు. రెండో చోట ముందు రుజువు, తర్వాతే మాట. ఇవాళ మీ ఇంటికొచ్చే మాత్రల వెనక ఉన్నది రెండోది.

మన మదనపల్లె నుంచి ఝార్ఖండ్ దాకా

ఈ కథలో మన తెలుగు నేలకూ చోటుంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం ఒకప్పుడు క్షయ వైద్యానికి దేశమంతా తెలిసిన చోటు. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైన ప్రాంతాల్లో మదనపల్లె ఒకటి. ఆ తొలి రోజుల్లో ముందు ట్యూబర్క్యులిన్ పరీక్ష చేసి, చర్మం పొంగనివారికే టీకా వేసేవారు. కాక్ పోగొట్టుకున్న మందు మన ఊళ్లలో బళ్ల ముందు వరసలు కట్టిన పిల్లల చేతుల మీదుగా వెళ్లిందన్నమాట. బీసీజీ చిన్నపిల్లలను తీవ్రమైన క్షయ నుంచి కాపాడుతుంది. పెద్దయ్యాక వచ్చే ఊపిరితిత్తుల క్షయను అంతగా ఆపలేదు. కాబట్టి చిన్నప్పుడు టీకా పడిందన్న ధీమా చాలదు.

తిండి ఎంత పని చేస్తుందో కూడా మన దేశమే చూపించింది. ఝార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాలకు నెలనెలా ఆహార ధాన్యాలు, పప్పులు ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. అదనపు తిండి అందిన ఇళ్లలో మిగతా సభ్యులకు టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. బంధించిన గూడు గట్టిగా ఉండాలంటే పళ్లెంలో పప్పు, గుడ్డు, పాలు ఉండాలి. ఇంటివాళ్లు పత్యం పేరుతో పిల్లలకు తిండి తగ్గించడం మంచిది కాదు.

మీ ఇంట్లో ఎవరికైనా టీబీ అని తేలితే

మన దేశంలో 2021 మార్గదర్శకాల తర్వాత, ఊపిరితిత్తుల టీబీ నిర్ధారణ అయిన రోగి ఇంట్లోని అన్ని వయసులవారికీ నివారణ చికిత్స ఇచ్చే ఏర్పాటు ఉంది. అంతకుముందు అది ప్రధానంగా చిన్నపిల్లలకు, హెచ్ఐవీ ఉన్నవారికే ఉండేది. మీరు చేయాల్సినవి ఇవి.

మొదట, ఇంట్లో మరెవరికైనా ఇప్పటికే జబ్బు ఉందేమో తేల్చుకోండి. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, పిల్లలైతే బరువు పెరగకపోవడం, ఆటల్లో హుషారు తగ్గడం ఉంటే దాచకండి. గళ్ల పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయిస్తారు. ఇది తప్పనిసరి. ఎందుకంటే జబ్బు ఉన్నవారికి నివారణ మాత్ర ఒక్కటే ఇస్తే క్రిమి ఆ మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదముంది.

రెండోది, సోకిందో లేదో చూసే పరీక్ష. మాంటూతో పాటు ఇప్పుడు ఇగ్రా అనే రక్త పరీక్ష, సై-టీబీ అనే కొత్త చర్మ పరీక్ష ఉన్నాయి. చిన్నప్పుడు వేసిన బీసీజీ వల్ల మాంటూ ఒక్కోసారి తప్పుగా పాజిటివ్ వస్తుంది. ఈ రెండు కొత్త పరీక్షలకు ఆ ఇబ్బంది లేదు. అయితే వీటిలో ఏదీ క్రిమి నిద్రలో ఉందా, లేచిందా అని విడదీసి చెప్పలేదు. కాబట్టి పాజిటివ్ అనగానే బెంబేలెత్తి ఆరు నెలల పూర్తి టీబీ కోర్సు మొదలుపెట్టొద్దు. నెగటివ్ అనగానే దగ్గును వదిలేయొద్దు. ఐదేళ్లలోపు పిల్లలకు జబ్బు లేదని తేలితే ఈ పరీక్ష కోసం ఆగకుండానే నివారణ మందు ఇస్తారు.

మూడోది మందు. రోజూ ఒకసారి చొప్పున ఆరు నెలల ఐసోనియాజిడ్, లేదా వారానికొకసారి చొప్పున పన్నెండు వారాలు ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి. ఎవరికేది అన్నది వయసు, గర్భం, వాడుతున్న ఇతర మందులను చూసి డాక్టరు నిర్ణయిస్తారు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. రిఫాపెంటిన్ వాటి పనిని తగ్గిస్తుంది. రోగికి ఉన్నది మందులకు లొంగని టీబీ అయితే ఇంట్లోవారికి వేరే పద్ధతి ఉంటుంది. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ మందులు ఉచితం.

నాలుగోది జాగ్రత్త. ఈ మాత్రలు కొద్దిమందిలో కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మందు వాడేన్నాళ్లూ మద్యం జోలికి వెళ్లొద్దు. ఆకలి మందగించినా, వాంతులు, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపించినా వెంటనే మాత్ర ఆపి డాక్టరును కలవండి. అరచేతులు, అరికాళ్లు తిమ్మిర్లెక్కుతుంటే బి6 విటమిన్ ఇస్తారు. రిఫాపెంటిన్ వేసుకున్నప్పుడు మూత్రం నారింజ రంగులో రావడం మామూలే, దానికి భయపడొద్దు.

చివరిది, అన్నిటికన్నా కష్టమైనది. కోర్సు పూర్తి చేయాలి. జ్వరం ఉంటే మాత్ర గుర్తుంటుంది. ఏమీ లేనప్పుడు మూడో నెలలోనే మర్చిపోతాం. ఇంటిల్లిపాదీ రాత్రి భోజనానికి కూర్చునేటప్పుడో, ఆదివారం ఉదయం టిఫిన్ ముందో ఒక వేళ పెట్టుకుంటే మరవకుండా ఉంటుంది. రోగి కోర్సుతో పాటే ఇంట్లోవారి కోర్సూ సాగితే, ఒకరినొకరు గుర్తుచేసుకోవచ్చు. రోగికి కూడా తానొక్కడే మందు మింగుతున్నానన్న బాధ తగ్గుతుంది.

కాక్ కాలంలో ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు క్షయతో పోతుంటే అది వంశం రాత అనుకున్నారు. రాత కాదు, క్రిమి అని ఆయన చూపించారు. ఆ క్రిమి ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో కూడా దాక్కుంటుందని ఆయన విఫలమైన మందు తర్వాతి తరాలకు తెలియజేసింది. దాన్ని లేవకుండా చేసే మాత్ర ఇప్పుడు మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉంది. ఈసారి ఆశ కార్యకర్త తలుపు తడితే, లోపలికి పిలిచి కూర్చోబెట్టండి. ఇంట్లో ఎంతమంది ఉన్నారో, అందరి పేర్లూ రాయించండి.